డిస్కు మీద మూడు చుక్కలు

రజాక్ దొంగ అని తిరుమలగిరి మార్కెట్‌లో మొదట అన్నది నేనే. ఆ మాట ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరి నోట్లో ఎంత పెరిగిందో కూడా నాకు తెలుసు. అందుకే అసలు సంగతి కూడా నేనే చెప్పాలి.

రజాక్‌కు యాభై దాటాయి. జనగామ రోడ్డు మీద చాయ్ హోటల్‌ను ఆనుకుని అతని మడిగె, ఒక చిన్న దుకాణం, ఉంటుంది. పైన ఒక రేకు బోర్డు. దాని మీద ‘కంప్యూటర్ రిపేరు’ అని నీలం రంగుతో రాయించాడు. వానలకు ఆ రంగు లేచిపోయిన చోట ‘మోటర్ వైండింగ్’ అని ఎర్ర అక్షరాలు కనబడతాయి. ఇంకా పెచ్చులు ఊడిన చోట ‘రేడియో, టేప్’ అని అంతకంటే పాతవి. అతని బతుకంతా ఆ రేకు మీదే ఉంది. వాళ్ల నాయిన దగ్గర రేడియోలు నేర్చుకున్నాడు. రేడియోలు పోయి బోర్లు వచ్చాక మోటర్లు చుట్టాడు. రాగి తీగ లాగీ లాగీ కుడిచేతి చూపుడు వేలు మీద గాడి పడింది. తెలంగాణ వచ్చాక కరెంటు సక్కగా రావడం మొదలైంది, మోటర్లు కాలడం తగ్గింది. “అందరి బాయిలకాడ ఎలుగొచ్చింది, నా మడిగెల చీకటొచ్చింది” అని తనే నవ్వేవాడు. నలభై ఆరేళ్ల వయసులో, ఎవరో పారేయబోయిన కంప్యూటర్‌ను తెచ్చి విప్పి, ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ కొత్త పని నేర్చుకున్నాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నా కంటికి కనబడింది ఒక్కటే, ఆ బోర్డు మీది ఎర్ర అక్షరాలు.

మోటర్లు చుట్టేవాడంటే నాకు నమ్మకం లేదు. ఒకప్పుడు నాకు రెండెకరాలు, ఒక బోరు ఉండేవి. మోటర్ కాలితే వేరే ఊళ్లో ఒక షాపుకు తీసుకుపోయాను. ఆ షాపువాడు లోపలి రాగి తీగ తీసేసి అల్యూమినియం చుట్టాడు. పైన కొత్త రంగు వేసి ఇచ్చాడు, నాకు తెలియలేదు. ఇరవై రోజుల్లో మళ్లీ కాలింది. పొట్ట మీదున్న వరి నిలువునా ఎండింది. ఆ తర్వాతే నేను మార్కెట్‌లో హమాలీగా చేరాను. మా దిక్కు తెలివైన రైతు ఎవరూ మోటర్‌ను ఊరికే ఇచ్చి పోడు. ఇచ్చేముందు లోపల ఎవరికీ కనబడని చోట ఆకురాయితో గీత పెడతాడు. పని అయ్యేదాకా షాపు ముందే కాపలా కూర్చుంటాడు, సద్ది కూడా అక్కడే తింటాడు. నేను ఆ రోజు గీతా పెట్టలేదు, కాపలా కూడా కూర్చోలేదు.

అప్పటి నుంచి గుర్తు పెట్టకుండా దేన్నీ బయటికి ఇవ్వను. సైకిల్ ట్యూబుకు పంచరు వేయించినా వాల్వు దగ్గర గీత పెడతాను. గొడుగు బాగుకు ఇచ్చినా పుల్లలు లెక్కపెట్టుకుంటాను. మా ఆమె నర్సింగమ్మ అంటుంది, “గీ మనిషిని కాట్లెకు తీస్కపోయేనాడు గూడ, మోసే నలుగురి మొకాలు చూస్కోనే పంటడు” అని.

కంప్యూటర్ మా కోడలు నిరోషది. మా కొడుకు లారీ మీద పోతే నెలకు రెండుసార్లు ఇంటికి వస్తాడు. నిరోష మొదట్లో పత్తి మిల్లులో పని చేసేది. ఆ దుమ్ముకు ఊపిరి ఆడక రెండుసార్లు దవాఖానలో పడింది. మళ్లీ మిల్లులో కాలు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సూర్యాపేటలో ఆరు నెలలు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నేర్చుకుని ఇంట్లోనే మిషన్ పెట్టింది. పెళ్లి జాకెట్ల చేతుల మీద, వీపు మీద బొమ్మలు కుట్టే పని. బొమ్మను ముందు కంప్యూటర్‌లో గీస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి మిషన్‌కు పెడితే మిషన్ కుడుతుంది. మిగతా వాళ్లంతా ఫోన్‌లో దొరికే నెమళ్లు, ఏనుగులు కుడతారు. నిరోష తన బొమ్మలు తనే గీస్తుంది. పగిలిన పత్తికాయ, తంగేడు గుత్తి, జొన్న కంకి మీద వాలిన పాలపిట్ట. మూడేళ్లలో రెండు వందల పన్నెండు గీసింది. తుంగతుర్తి నుంచి, మోత్కూరు నుంచి ఆడవాళ్లు ఆ బొమ్మల కోసమే బస్సెక్కి వస్తారు. పెన్‌డ్రైవ్‌లో ఎప్పటికప్పుడు కుట్టేది ఒక్కటే ఉంటుంది. గీసినవన్నీ కంప్యూటర్‌లోనే. అవి పోతే నిరోషకు మళ్లీ మిల్లే గతి. ఆ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు. కానీ అందరికీ తెలుసు.

మే నెలలో ఒక పగటిపూట గాలివాన వచ్చి ఇంటి వెనుక తాటిచెట్టు మీద పిడుగు పడింది. మిషన్ ప్లగ్గు తీసి ఉంది కాబట్టి దానికేమీ కాలేదు. కంప్యూటర్ డబ్బాలోంచి మాత్రం కాలిన వాసన వచ్చింది. నిరోష మూత విప్పి చూసింది.

“గీ పెద్ద బోర్డు మాడిపోయింది మామా. గిది బాగుంటె సాలు” అని అరచేతంత ఇనుప పెట్టెను చూపించింది. “దీన్నే హార్డ్ డిస్క్ అంటరు. నా బొమ్మలన్నీ గిండ్లనే ఉన్నయ్.”

“మరి దీన్ని రజాక్ చేతిల పెడుతున్నవా?”

“ఊళ్లె ఇంకెవరున్నరు? సూర్యాపేట పోతె వారం దినాలు తిప్పుతరు. గీ నెల ఆఖరుకు పెండ్లి జాకెట్లు ఇయ్యాలె.”

మరునాడు పొద్దున ఆమె ఎవరికో కొలతలు తీయడానికి పోయింది. నేను మూత విప్పాను. ఆకురాయితో గీత పెడదామంటే లోపల ఏమైనా అదురుతుందేమోనని భయం వేసింది. నిరోష గోళ్ల రంగుల డబ్బాలో రంగులేని సీసా ఒకటి ఉంది. ఆరాక చూస్తే ఏమీ కనబడదు, ఎండకు వాలుగా పెడితేనే మెరుస్తుంది. అంతకంటే మంచి గుర్తు దొరకదు అనుకున్నాను. డిస్కుకు ఉన్న రెండు వైర్లు ఊడదీశాను. అవి గుచ్చే మూతిలో సన్నగా బంగారు రంగు పళ్లు వరుసగా ఉన్నాయి. ఆ మూతి అంచున మూడు చుక్కలు పెట్టాను. వైర్లు గుచ్చాక ఆ చోటు ఎవరి కంటా పడదు. మూడో చుక్క కొంచెం పెద్దగా పడింది. రెండుసార్లు ఊది, వైర్లు మళ్లీ గుచ్చి, స్క్రూలు బిగించి, ఏమీ తెలియనట్టు కూర్చున్నాను.

రజాక్ మడిగెకు డబ్బాను నేనే భుజాన పెట్టుకుని పోయాను. నిరోష వెనుక వచ్చింది. రజాక్ మూత తీసి, వాసన చూసి, డిస్కుకు కరెంటు ఇచ్చి చెవి పెట్టి విని, తల ఊపాడు.

“బోర్డు ఖతం. డిస్కు మాత్రం తిరుగుతాంది, సప్పుడు ఇనబడ్తాంది. ఫికర్ చెయ్యకు బిడ్డా. గిసోంటి బోర్డే హైదరాబాద్ నుంచి తెప్పిస్త.”

“కొత్తదేనా?” అన్నాను.

“కొత్తది యాడ దొరుకుతదన్నా? గీ డబ్బాకు సరిపడేటివి చెయ్యడమే బంద్ చేసిన్రు. వాడినదే, గని మంచిది.”

వాడినది అనగానే నాకు ఆ అల్యూమినియం తీగ గుర్తొచ్చింది. మూడు రోజులకు బోర్డు వచ్చింది. ఆ రోజు పనికి పోకుండా అతని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

“బుచ్చయ్యన్నా, గిది మోటర్ గాదు. ఇంటికి పో, అయినంక పిలుస్త.”

“నేను కూసుంటె నీకేమైతది?”

“నాకేంగాదు. నా స్టూలుకే అయితది” అన్నాడు. నిరోష నవ్వు ఆపుకుంది. నేను లేవలేదు.

బోర్డు మార్చి స్విచ్చు వేశాడు. తెర నీలంగా అయింది. కంప్యూటర్ సరిగ్గా మొదలు కాలేదని, తన రిపేరు తనే చేసుకుంటుందని దాని మీద రాసి ఉందట, నిరోష చదివి చెప్పింది. చుక్కలు గుండ్రంగా తిరిగాయి. చాలాసేపు తిరిగాక, రిపేరు చేయలేకపోయానని అదే చేతులెత్తేసింది.

రజాక్ ఏమీ కంగారు పడలేదు. “కొత్త కోడలు అత్తగారింటికి వచ్చినట్టన్నా. ఉప్పు డబ్బా యాడుందో, చాయ్ పత్తా యాడుందో దానికి తెల్వది. లోపల ఉన్న విండోస్ పాత బోర్డుకు అలవాటు పడ్డది. మనం జర చూపియ్యాలె” అన్నాడు. ఏవో గీతలు, పట్టికలు ఉన్న తెర ఒకటి తెచ్చి, కొత్త బోర్డును పాత పద్ధతికి మార్చాడు. ఈసారి విండోస్ గుర్తు కనబడింది. నిరోష ముందుకు వంగింది. ఆ గుర్తు కింద చుక్కలు తిరిగి తిరిగి ఆగిపోయాయి. మళ్లీ నీలం తెర.

మళ్లీ రిపేరు పెట్టాడు. ఒకసారి వందకు పద్నాలుగు దాకా పోయి ఆగింది. ఇంకోసారి ముప్ఫై ఒకటి. ఇంకోసారి అసలు డిస్కే లేదన్నది. ఆగిన ప్రతిసారీ వేరే కారణం చూపించింది.

“ఒక్కొక్కపారి ఒక్కొక్క మాట చెప్తాందంటె అబద్దం ఆడుతున్నట్టే గదా” అన్నాను, తెరను కాదు, అతన్ని చూస్తూ.

“భయపడ్డోడు గూడ గట్లనే చెప్తడన్నా” అన్నాడు రజాక్, నా వైపు చూడకుండానే.

మధ్యాహ్నం అతని భార్య లాడ్లీ బేగం టిఫిన్ బాక్సు తెచ్చింది. నన్ను చూసి, “అన్న పొద్దటి సంది గీడనే ఉన్నడా? కాపలా కుక్కకు గూడ గంటకోపారి సుట్టీ ఇస్తరు” అంది. నాకు కూడా అన్నం పెట్టింది. తిన్నాను. అన్నం పెట్టి మాయ చేస్తున్నారేమో అని కూడా అనుకున్నాను.

రెండో రోజు రజాక్ వరుసగా ఒక్కొక్కటి మార్చి చూశాడు. మెమరీ ముక్క మార్చాడు, ఫలితం లేదు. మా డిస్కు తీసి తన దగ్గరున్న పాత డిస్కు పెట్టాడు. నిమిషంలో విండోస్ వచ్చి కూర్చుంది. “చూసినవా, బోర్డు మంచిగనే ఉంది” అన్నాడు. తర్వాత మా డిస్కును తన కంప్యూటర్‌కు పెట్టాడు. నిరోష బొమ్మలున్న ఫోల్డరు తెర మీద కనబడింది. ఆమె మౌస్ మీద చెయ్యి వేసేలోగా మాయమైపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ కనబడి మళ్లీ పోయింది.

“పిడుగు దెబ్బ డిస్కుకు గూడ తగిలినట్టుంది బిడ్డా. హైదరాబాద్‌ల డిస్కును కోసి తీసే పెద్ద షాపులున్నయట. గని వస్తయని నేను మాటియ్యలేను” అన్నాడు.

నిరోష మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. చున్నీ కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మిల్లులో ఉన్నప్పుడు అలాగే పెట్టుకునేది.

నేను లేచి, “జర గా డిస్కు ఇటియ్యి” అన్నాను. తీసుకుని బయటికి పోయి ఎండకు వాలుగా పెట్టాను. మూతి అంచున మెరుపు కనబడింది. చుక్కలు ఉన్నాయి. డిస్కు మాదే.

“ఏం జూస్తున్నవన్నా?”

“ఏం లేదు. బరువు చూస్తున్న.”

ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకునేవారు. నాకు అనుమానం ఇంకా పెరిగింది. డిస్కు మార్చలేదంటే లోపలి సరుకు తీసుకుని ఉంటాడు. దారిలో నిరోషను అడిగాను, డిస్కు మార్చకుండా అందులోని బొమ్మలు తీసుకోవచ్చా అని.

“తీస్కోవచ్చు మామా. కాపీ కొడితె సాలు. ఎందుకు?”

“ఊకె అడిగిన.”

మరునాడు మార్కెట్‌లో వడ్ల కుప్ప దగ్గర బస్తాలు కుడుతుంటే ఒకామె కనబడింది. ఆమె జాకెట్ చేతి మీద పగిలిన పత్తికాయ ఉంది. నిరోష బొమ్మే. గోనె సూది చేతిలోనే పట్టుకుని పోయి అడిగాను.

“అమ్మా, గీ జాకెట్ యాడ కుట్టిచ్చినవ్?”

“నీకెందుకయ్యా? నెత్తి తెల్లగైంది గని బుద్ధి రాలె. ఆడోళ్ల జాకెట్ల మీద ఏం పని నీకు?” అని ఆమె గట్టిగానే అంది. చుట్టూ హమాలీలు నవ్వారు. నా జోడీ మల్లేష్ బస్తా దించి మరీ నవ్వాడు. అవమానంతో నా నోరు జారింది.

“నవ్వుతవేందిరా? గా రజాక్ దొంగతనం చేసిండు. మా కోడలి బొమ్మలు తీసి వేరేటోళ్లకు అమ్ముకున్నడు. డిస్కు ఖరాబైందని కత చెప్తుండు.”

“నిజమా?”

“నా కండ్లతోని జూసిన.”

చూసింది జాకెట్టు. చెప్పింది దొంగతనం. ఆ జాకెట్టు ఉగాదికి తనే కుట్టి ఇచ్చానని నిరోష సాయంత్రం చెప్పింది. అప్పటికే మల్లేష్ చాయ్ హోటల్‌లో చెప్పాడు, చాయ్ హోటల్‌లో విన్నవాళ్లు బస్టాండులో చెప్పారు. నేను తప్పు దిద్దుకోలేదు. ఈ జాకెట్టు కాకపోతే ఇంకో జాకెట్టు దొరుకుతుందిలే అనుకున్నాను.

ఆ మాట పుట్టిన మూడో నాటికి జిరాక్సు సెంటరు ప్రేమ్‌సాగర్ రిపేరుకు ఇచ్చిన తన కంప్యూటర్‌ను రజాక్ దగ్గర నుంచి సగం పనిలోనే తీసుకుపోయాడు. ఇంకో ఇద్దరూ అదే పని చేశారు.

నాలుగో నాడు పొద్దున్నే లాడ్లీ బేగం మా ఇంటి ముందుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“బుచ్చయ్యన్నా, నువ్ మా ఇంటి అన్నం తిన్నవు. తింటనే మా ఆయనను దొంగ అన్నవంట?”

నర్సింగమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

“ముప్ఫై ఏండ్లు మోటర్లు చుట్టిండు. ఒక్క మూరెడు రాగి ఇంటికి తేలె. ఎవ్వరన్న తెచ్చిండని చెప్తె నా కమ్మలు ఇస్త. ఇయ్యాల పొద్దున చాయ్ గూడ తాగలె. ఒక్క మాట చెప్పుమన్నడు. డిస్కు ఆఖరుసారి జూస్తడంట, నీ ముంగట్నే. వచ్చి కూసోమన్నడు.”

నేను, నిరోష పోయాం. రజాక్ ముఖంలో నవ్వు లేదు. స్టూలు తనే తుడిచి నా వైపు జరిపాడు.

“కూసో అన్నా. నా చేతులే జూడు. కండ్లు తిప్పకు.”

బల్ల మీద తువ్వాల పరిచి, డిస్కు పెట్టి, గొంతు సవరించుకుని మొదటి నుంచి లెక్కపెట్టాడు. “బోర్డు మంచిదని తేలింది. మెమరీ మంచిదే. సెట్టింగ్ మార్చిన. వైర్లు మార్చి చూసిన. డిస్కు తిరిగే సప్పుడు సాఫ్‌గ ఉంది. డిస్కు సచ్చిందంటె గిలగిల కొట్టుకునే సప్పుడు రావాలె. రాలె. అంటె లోపల మంచిగనే ఉంది, మాట బయటికి వస్తలేదు. గొంతుల ఏదో అడ్డం పడ్డది.”

పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ముక్క తీశాడు. మెకానిక్‌లు పళ్ల మీది మురికిని దాంతోనే రుద్దుతారట. డిస్కు మూతిలోని బంగారు పళ్లను నెమ్మదిగా రుద్దాడు. రబ్బరు జారింది. మళ్లీ రుద్దాడు. మళ్లీ జారింది. అతను ఆగి, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, డిస్కును ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. సూది మొనతో అంచు దగ్గర లేపాడు. ఉల్లిపొర లాంటిది ఒకటి సన్నగా లేచి సూదికి అంటుకుంది.

ఎండకు నేను చూసిన మెరుపు అంచుతో ఆగలేదు. మూడో చుక్క పళ్ల మీదికి కారింది.

“ఇదేంది?” అన్నాడు రజాక్. “దీనివల్లనే. వైరు పంటిని ముట్టుడు లేదు. జర ముడుతది, జర ఇడుస్తది. గందుకే ఒకపారి పద్నాలుగు, ఒకపారి ముప్ఫై ఒకటి. గిది పిడుగు పని గాదు. మనిషి పని.”

లాడ్లీ బేగం వచ్చి సూది మీది పొరను గోటితో పట్టి చూసింది. “గోళ్ల రంగు ఇది” అంది. వెంటనే తన రెండు చేతులూ అందరి ముందూ చాచింది. “మా ఇంట్లది గాదు. నేను ఐదు పూటల నమాజ్ చదువుత. గోరు మీద రంగుంటె నమాజ్‌కు ముందు కడుక్కునే వజూ నీళ్లు గోరును ముట్టయ్. గా సీసా మా గడప లోపటికే రాదు.”

అందరి కళ్లూ నిరోష చేతుల మీదికి పోయాయి. ఆమె గోళ్లు మెరుస్తున్నాయి.

“రంగులేని సీసా నా కాడనే ఉంది” అంది నిరోష. “కని నేనెందుకు పెడుత కాకా? నా బొమ్మల మీద నేనే పెట్టుకుంటనా?”

“నువ్ పెట్టినవని అంటలేను బిడ్డా.” రజాక్ మాట మెత్తగానే ఉంది. కానీ అతనూ అనుమానంగానే చూశాడు. ఇన్ని రోజులు అతన్ని నేను చూసిన చూపే అది. ఇప్పుడు అది మా కోడలి మీద పడింది. ఇంకో నిమిషం నేను ఊరుకుంటే, రేపు బస్టాండులో ఇంకో కథ తిరుగుతుంది.

“నేనే పెట్టిన” అన్నాను.

లాడ్లీ బేగం చాచిన చేతులు దించింది.

“డిస్కు మారుస్తవని గుర్తు పెట్టిన. మోటర్ లోపట గీత పెట్టినట్టు. కారుతదనుకోలె.”

నిరోష నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. “మామా, నన్ను అడిగితె చెప్పకపోదునా” అని మాత్రం అంది.

రజాక్ సూదిని తువ్వాలకు తుడిచాడు. “గుర్తు పెట్టేటోడు పైన పెడ్తడన్నా, ఎవ్వరన్న నోట్లె పెడ్తడా?” అన్నాడు. నవ్వలేదు.

గోళ్ల రంగు తీసే మందు నిరోషే ఇంటి నుంచి తెచ్చింది. దూదికి అద్ది పళ్లన్నీ ఒక్కొక్కటిగా తుడిచాడు. పాత వైరు మూతిలో కూడా ఆ పొర ఉందని దాన్ని పక్కన పారేసి కొత్త వైరు గుచ్చాడు. స్విచ్చు వేశాడు. డిస్కును మొదటి నుంచి చివరి దాకా చూసుకుంటానని తెర చెప్పింది. గంటన్నర పట్టింది. తర్వాత మళ్లీ రిపేరు. పద్నాలుగు దాటింది. ముప్ఫై ఒకటి దాటింది. అరవై దగ్గర కొంచెం ఆగితే నిరోష చున్నీ మళ్లీ ముక్కుకు పోయింది. అది కదిలింది. వందకు పోయింది. విండోస్ వచ్చింది, దాని మీద జొన్న కంకి, కంకి మీద పాలపిట్ట.

రజాక్ ముందుగా అన్నిటినీ ఇంకో డిస్కుకు కాపీ చేశాడు. నన్ను దగ్గరికి పిలిచి, “జూడు, ఇప్పుడు కాపీ కొడుతున్న. రేపు మళ్ల అనేవు” అన్నాడు. నిరోష ఒక్కొక్క బొమ్మా తెరిచి చూసుకుంది. తొమ్మిది తెరుచుకోలేదు. డిస్కు అలా వస్తూ పోతూ ఉన్నప్పుడు రిపేరు మీద రిపేరు పెట్టడం వల్ల దెబ్బతిన్నాయట. ఆ తొమ్మిదింట్లో ఒక పెళ్లి జాకెట్టుది కూడా ఉంది. దాన్ని ఆమె మళ్లీ గీసింది. పది రోజులు ఇంట్లో నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. మిల్లుకు మాత్రం పోవలసిన పని పడలేదు.

రజాక్ పేరు నేను పాడు చేసిన చోటే బాగు చేయాలి కదా. మరునాడు పొద్దున కాంటాలు మొదలు కాకముందు షెడ్డులో హమాలీలందరి ముందూ చెప్పాను, రజాక్ ఏమీ తీయలేదు, తప్పు నాదే అని. మల్లేష్, “అయితె ఇగ నుంచి నీ భుజానికి గూడ గోళ్ల రంగు పెట్టుకో, ఎవడన్న మార్చుకపోతడేమో” అన్నాడు. నవ్వారు. సరే, దానికి నేను తగినవాణ్నే.

షెడ్డు నుంచి జిరాక్సు సెంటరుకు పోయి చెబితే ప్రేమ్‌సాగర్ మాత్రం నవ్వలేదు. జిరాక్సు మిషన్ మీద మోచేతులు పెట్టి నా మాట మొత్తం విన్నాడు.

“మొన్న దొంగ అంటివి. నీ కండ్లతోని జూసిన అంటివి. ఇయ్యాల కాదంటున్నవు. ఏం తాపిండు నీకు రజాక్?”

“ఏం తాపలె. తప్పు నాది.”

“తప్పు చేసినోడు గింత పొద్దున్నే వచ్చి ఒప్పుకుంటడా? ఏదో ఉన్నది.”

అతని స్థానంలో నేనుంటే నేనూ అదే అనేవాణ్ని. చివరికి ఒక మాట అన్నాను. “నీ డబ్బా నేనే మోస్కపోత. పని అయ్యేదాంక రజాక్ ముంగట నేనే కాపలా కూసుంట. ఒక్క స్క్రూ తక్కువైనా నన్నడుగు.”

“నువ్ కూసుంటవా?” అన్నాడు. బాగా ఆలోచించాడు. ఊళ్లో నాకంటే అనుమానపు మనిషి లేడని అతనికి తెలుసు. అందుకే ఒప్పుకున్నాడు.

డబ్బాను భుజాన పెట్టుకుని జనగామ రోడ్డు దాకా నడిచాను. లాడ్లీ బేగం గుమ్మంలో నన్ను చూసి లోపలికి పోయింది. స్టూలు మాత్రం బయటికి వచ్చింది. రజాక్ డబ్బా దించుకున్నాడు. మూత విప్పాడు. బోర్డు చూడలేదు, వైర్లు చూడలేదు. ముందుగా డిస్కు ఊడదీసి, గుమ్మం దాకా వచ్చి, దాని మూతిని ఎండకు వాలుగా పెట్టి కన్ను చికిలించి చూశాడు.

“నేనేం పెట్టలె రజాక్” అన్నాను.

“పెట్టలేదనే అనుకుంటున్న” అన్నాడు. ఇంకోసారి తిప్పి చూశాడు.